పండు ఈగల్లో ఋతువుల లెక్క చదివిన శాస్త్రవేత్త: థియోడోసియస్ డోబ్జాన్‌స్కీ జీవితం

దక్షిణ కాలిఫోర్నియాలో ఎడారి అంచున మొదలై పైన్ అడవుల దాకా లేచిన పర్వతం శాన్ జాసింటో. 1930ల చివర, 1940ల ఆరంభంలో ఒక జీవశాస్త్రవేత్త నెలల తరబడి ఆ కొండకు వెళ్లేవారు. పులిసిన అరటిపండు గుజ్జును ఎరగా పెట్టి, సాయంసంధ్యలో దాని చుట్టూ మూగే చిన్న ఈగలను పట్టేవారు. వాటి సంతతిని ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద పరిశీలించి లెక్కలు రాసుకునేవారు. ఆ లెక్కలు ఒక పాత నమ్మకాన్ని కదిలించాయి. జీవుల వంశవారసత్వంలో మార్పు రావాలంటే వేల, లక్షల ఏళ్లు పడుతుందని, దానిని మనిషి తన జీవితకాలంలో చూడలేడని అప్పటిదాకా ఎక్కువ మంది భావించేవారు. వసంతం నుంచి వేసవికి వచ్చేసరికే ఒక కీటక సమూహం జన్యు కూర్పు మారిపోవడాన్ని ఆయన చూశారు. ఆయన పేరు థియోడోసియస్ డోబ్జాన్‌స్కీ. 20వ శతాబ్దపు పరిణామ శాస్త్రాన్ని తీర్చిదిద్దిన వారిలో ఆయన అగ్రగణ్యులు.

భూగోళం వేడెక్కుతున్న కొద్దీ కీటకాలు ఏమవుతాయన్న ప్రశ్న నేడు శాస్త్రవేత్తలను, రైతులను, ఆరోగ్య శాఖలను ఒకే రీతిన వేధిస్తోంది. ఆ ప్రశ్నను శాస్త్రీయంగా అడగడానికి కావలసిన పద్ధతిలో ఎక్కువ భాగం డోబ్జాన్‌స్కీ జీవితకాల కృషి నుంచి వచ్చిందే.

అక్షింతల పురుగులతో ఆరంభం

డోబ్జాన్‌స్కీ 1900 జనవరి 25న అప్పటి రష్యా సామ్రాజ్యంలోని నెమిరోవ్ పట్టణంలో జన్మించారు. ఆ ఊరు నేడు ఉక్రెయిన్‌లో ఉంది. తండ్రి గణిత ఉపాధ్యాయుడు. తల్లిదండ్రులకు ఆయన ఒక్కడే సంతానం. సంతానం కోసం మొక్కుకున్న సాధువు పేరునే బిడ్డకు పెట్టుకున్నారు. ఆయన పదేళ్ల వయసులో కుటుంబం కీవ్ ప్రాంతానికి తరలింది. చిన్నతనంలో సీతాకోకచిలుకలను సేకరించిన ఆ బాలుడి దృష్టి, పదిహేనేళ్ల ప్రాయంలో అక్షింతల పురుగుల వైపు మళ్లింది. ఆ రోజుల్లోనే డార్విన్ గ్రంథం చదివి, జీవశాస్త్రమే తన మార్గమని నిశ్చయించుకున్నారు. 1918లో, పద్దెనిమిదేళ్ల వయసులో, అక్షింతల పురుగులపై తొలి పరిశోధన పత్రం ప్రచురించారు.

అది ప్రపంచ యుద్ధం, విప్లవం, అంతర్యుద్ధం ఒకదాని వెనుక ఒకటిగా వచ్చిపడ్డ కాలం. కీవ్ నగరం పలుమార్లు చేతులు మారింది. ఆకలి, విషజ్వరాలు ప్రబలిన ఆ రోజుల్లోనే ఆయన 1921లో కీవ్ విశ్వవిద్యాలయం నుంచి పట్టభద్రులయ్యారు.

హార్మోనియా అనే ఆసియా జాతి అక్షింతల పురుగు ఆయనకు తొలి పాఠం నేర్పింది. సైబీరియా పశ్చిమ ప్రాంతాల్లో ఆ పురుగుల్లో అత్యధికం నల్లని రెక్కలపై మచ్చలున్న రకానివి. తూర్పుకు వెళ్లిన కొద్దీ ఆ రకం తగ్గి, పసుపు, నారింజ రంగు రకాలు పెరుగుతాయి. జాతి ఒక్కటే అయినా ఒక్కో ప్రాంతంలో రకాల పాళ్లు వేరు. పెట్టెలో గుచ్చి ఉంచిన ఒక్క నమూనాతో జాతిని అర్థం చేసుకోలేమని, ఏ ప్రాంతంలో ఏ రకం ఎంత పాళ్లలో ఉందో లెక్కించినప్పుడే దాని స్వరూపం బోధపడుతుందని యువ డోబ్జాన్‌స్కీ గ్రహించారు. తర్వాతి అర్ధ శతాబ్దపు పరిశోధన అంతా ఈ అవగాహన మీదే నిలిచింది.

తిరిగి వెళ్లని ప్రయాణం

1922లో అమెరికా జన్యు శాస్త్రవేత్త హెర్మన్ ముల్లర్ మాస్కోకు వస్తూ డ్రోసోఫిలా అనే పండు ఈగల రకాలను వెంట తెచ్చారు. ఆ వార్త విన్న డోబ్జాన్‌స్కీ ఆ ఈగలను సంపాదించి కీవ్‌లో ప్రయోగాలు మొదలుపెట్టారు. ఆ ఈగలను రష్యాకు తెచ్చిన ముల్లరే తర్వాతి కాలంలో ఆయనకు ప్రధాన సైద్ధాంతిక ప్రత్యర్థి కావడం ఈ కథలోని విచిత్రం.

1924లో ఆయన నటాలియా సివెర్త్‌సెవాను వివాహం చేసుకున్నారు. ఆమె కూడా జీవశాస్త్రం చదివినవారే. అదే ఏడాది యూరి ఫిలిప్‌చెంకో విభాగంలో పనిచేసేందుకు లెనిన్‌గ్రాడ్ చేరారు. అక్కడి నుంచి మధ్య ఆసియా యాత్రలకు వెళ్లి గుర్రాలు, ఇతర పశువుల రకాలను పరిశీలించారు. 1927లో రాక్‌ఫెల్లర్ వితరణతో నడిచే సంస్థ ఇచ్చిన పరిశోధక వేతనంతో, డిసెంబరు 27న దంపతులు న్యూయార్క్‌లో అడుగుపెట్టారు. డ్రోసోఫిలా పరిశోధనకు పితామహుడైన థామస్ హంట్ మోర్గన్ ప్రయోగశాలలో కొంతకాలం పనిచేసి స్వదేశం వెళ్లాలన్నది ఆలోచన. 1928లో మోర్గన్ కాలిఫోర్నియా సాంకేతిక సంస్థకు మారగా, డోబ్జాన్‌స్కీ ఆయనను అనుసరించారు. ఇంతలో సోవియట్ దేశంలో పరిస్థితులు బిగుసుకున్నాయి. తిరుగు ప్రయాణం వాయిదా పడుతూ వచ్చి, చివరకు జరగనేలేదు. 1937లో ఆయన అమెరికా పౌరసత్వం స్వీకరించారు. జన్మభూమిని మళ్లీ చూడలేదు.

క్రోమోజోముల్లో చదివిన చిరునామా

కాలిఫోర్నియాలో ఆయన ఎంచుకున్న జీవి డ్రోసోఫిలా స్యూడోఅబ్‌స్క్యూరా. ఇది ప్రయోగశాలల్లో పెరిగే మామూలు పండు ఈగ కాదు. ఉత్తర అమెరికా పశ్చిమ భాగాన కొండల్లో, అడవుల్లో, ఎడారి అంచుల్లో స్వేచ్ఛగా బతికే జాతి. దీని పిల్లపురుగు లాలాజల గ్రంథుల్లోని క్రోమోజోములు మిగతా కణాల్లో ఉన్నవాటి కంటే ఎన్నో రెట్లు పెద్దవి. సూక్ష్మదర్శిని కింద వాటిపై అడ్డగీతలు స్పష్టంగా కనిపిస్తాయి.

ఈ ఈగ మూడో క్రోమోజోములో ఒక విశేషం ఉంది. దండలోని పూసలను కొంత మేర తెంపి, తలకిందులు చేసి మళ్లీ గుచ్చినట్లుగా, క్రోమోజోములో ఒక భాగం కొన్ని ఈగల్లో తిరగబడి ఉంటుంది. శాస్త్రవేత్తలు దీనిని విలోమం అంటారు. ఇలాంటి అమరికలు పలు రకాలు ఉన్నాయి. అవి గుర్తించిన చోట్లను బట్టి, ఇతర ఆనవాళ్లను బట్టి వాటికి స్టాండర్డ్, ఆరోహెడ్, చిరికాహువా, పైక్స్ పీక్ వంటి పేర్లు పెట్టారు. తిరగబడ్డ భాగంలోని జన్యువులు సాధారణంగా చెదిరిపోకుండా ఒకే మూటగా తరతరాలకు సంక్రమిస్తాయి. సహచరుడు ఆల్ఫ్రెడ్ స్టర్టెవంట్‌తో కలసి డోబ్జాన్‌స్కీ ఈ అమరికల వంశవృక్షాన్ని 1936లో రూపొందించారు. ఆ తర్వాత ఇద్దరి మధ్య స్నేహం చెడింది. 1940లో ఆయన కాలిఫోర్నియా విడిచి న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లడానికి ఆ ఎడబాటూ ఒక కారణం.

1937లో వెలువడిన ఆయన గ్రంథం జెనెటిక్స్ అండ్ ది ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్, డార్విన్ సిద్ధాంతాన్ని మెండెల్ జన్యు శాస్త్రంతో అనుసంధానించింది. ప్రకృతి పరిశీలకులు, ప్రయోగశాల శాస్త్రవేత్తలు, గణిత సిద్ధాంతకర్తలు ఎవరి దారిన వారు నడుస్తున్న వేళ, వారందరినీ ఒకే భాషలో మాట్లాడించిన పుస్తకంగా దానికి పేరు వచ్చింది.

అభిప్రాయం మార్చిన కొండ

ఆ గ్రంథం రాసేనాటికి విలోమాలపై ఆయనకు ఒక అభిప్రాయం స్థిరపడి ఉంది. ఈ అమరికల వల్ల ఈగకు లాభం గానీ నష్టం గానీ లేదని, ప్రాంతానికీ ప్రాంతానికీ కనిపించే తేడాలు యాదృచ్ఛికంగా ఏర్పడ్డవని ఆయన భావించారు. శాన్ జాసింటో పర్వతం ఆ అభిప్రాయాన్ని తిరగరాసింది.

ఆ కొండపై వేర్వేరు ఎత్తుల్లోని ఆండ్రియాస్ కాన్యన్, పిన్యోన్ ఫ్లాట్స్, కీన్ క్యాంప్ అనే మూడు చోట్ల ఆయన ఈగలను సేకరించారు. వాటి మధ్య దూరం పెద్దది కాదు. అయినా ఎడారి అంచున ఉన్న చోట స్టాండర్డ్ అమరిక ఎక్కువగా, పైనున్న అడవిలో చిరికాహువా ఎక్కువగా కనిపించాయి. ఇంతకంటే ఆశ్చర్యకరమైనది కాలంతో వచ్చిన మార్పు. వసంతం నుంచి వేసవి ఆరంభం వరకు స్టాండర్డ్ పాలు తగ్గింది, చిరికాహువా పాలు పెరిగింది. ఎండలు ముదిరాక ఈ వరుస తిరగబడింది. మరుసటి ఏడాది మళ్లీ అదే తీరు కనిపించింది.

యాదృచ్ఛికంగా వచ్చే మార్పు ఏటేటా ఒకే వేళకు, ఒకే దిశలో రాదు. ఋతువు మారినప్పుడల్లా ప్రకృతి వరణం ఈగల్లో ఒక రకాన్ని ముందుకు, మరో రకాన్ని వెనక్కు నెడుతోందని చెప్పక తప్పని స్థితి ఏర్పడింది. డోబ్జాన్‌స్కీ తన పాత వాదనను విడిచిపెట్టి, 1943లో ఈ ఫలితాలను ప్రకటించారు. ప్రఖ్యాత గ్రంథంలో తానే అచ్చువేసిన అభిప్రాయాన్ని ఆరేళ్లలో వదులుకోవడం ఆయన శాస్త్రీయ నిజాయితీకి నిదర్శనం.

ఎత్తు, ఋతువు, పెట్టెలోని పరీక్ష

కొండపై చూసినది నిజమో కాదో తేల్చేందుకు ఆయన ప్రయోగశాలను ఆశ్రయించారు. ఆహారపు గిన్నెలు అమర్చిన ప్రత్యేక పెట్టెల్లో స్టాండర్డ్, చిరికాహువా ఈగలను తెలిసిన పాళ్లలో కలిపి వదిలారు. తరాలు గడుస్తుండగా నమూనాలు తీసి లెక్కించారు. గణిత జన్యు శాస్త్రవేత్త సీవల్ రైట్‌తో కలసి 1946లో ప్రకటించిన ఈ ప్రయోగ ఫలితం ఎంతో విలువైనది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద స్టాండర్డ్ పాలు పెరుగుతూ పోయి, దాదాపు 70 శాతం వద్ద నిలిచింది. 16.5 డిగ్రీల వద్ద ఉంచిన పెట్టెల్లో గుర్తించదగ్గ మార్పేదీ రాలేదు. అవే ఈగలు, అదే ఆహారం. తేడా ఉష్ణోగ్రతలోనే.

వేడిలో సైతం చిరికాహువా పూర్తిగా అంతరించలేదు. రెండు అమరికలనూ ఒక్కొక్కటి చొప్పున పొందిన ఈగలే అన్నిటికంటే దృఢంగా ఉండటమే ఇందుకు కారణమని ఆయన వివరించారు. ఆ మిశ్రమ ఈగల వల్ల రెండు రకాలూ సమూహంలో నిలిచి ఉంటాయి. ఋతువు మారినప్పుడు రెండో రకం పైకి రావడానికి అవకాశం మిగులుతుంది.

కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా పర్వతశ్రేణిలో యోసెమిటీ మీదుగా ఆయన బృందం మరో పరిశీలన జరిపింది. సుమారు 850 అడుగుల ఎత్తు నుంచి దాదాపు 10 వేల అడుగుల వరకు వరుసగా ఈగలను సేకరించారు. పైకి వెళ్లిన కొద్దీ స్టాండర్డ్ తగ్గి, ఆరోహెడ్ పెరిగింది. అదే శ్రేణిలోని మేథర్ అనే చోట వేసవి ముదిరిన కొద్దీ స్టాండర్డ్ పెరిగింది. అంటే ఎండాకాలంలో అక్కడి ఈగల కూర్పు దిగువ కొండల ఈగల కూర్పును పోలి వచ్చింది. కొండ దిగడం, వేసవి రావడం ఈగల జన్యు కూర్పుపై ఒకే తరహా ముద్ర వేస్తున్నాయన్న మాట.

అన్నీ ఇంత సులభంగా అర్థమయ్యాయని కాదు. 1940లలో కాలిఫోర్నియాలో అరుదుగా ఉన్న పైక్స్ పీక్ అమరిక 1950ల మధ్యకు వచ్చేసరికి పలు చోట్ల గణనీయంగా పెరిగింది. వాతావరణంతో దానిని ముడిపెట్టడం సాధ్యపడలేదు. పురుగుమందుల ప్రభావం కావచ్చేమోనన్న అనుమానమూ నిర్ధారణ కాలేదు. ఆయన ఆ మార్పును దాచిపెట్టకుండా, కారణం తేలని విషయంగానే నమోదు చేశారు.

వైవిధ్యమే మూలధనం

ఈ పరిశీలనల నుంచి డోబ్జాన్‌స్కీ ఒక పెద్ద వాదనకు వచ్చారు. ప్రకృతిలోని ప్రతి సమూహంలోనూ జన్యు వైవిధ్యం విస్తారంగా ఉంటుందని, పరిస్థితులు మారినప్పుడు ఆ సమూహాన్ని ఆదుకునే నిల్వ అదేనని ఆయన చెప్పారు. ముల్లర్ దీనితో విభేదించారు. జీవుల్లో చాలా జన్యువులకు ఒక ఉత్తమ రూపం ఉంటుందని, దాని నుంచి తేడాగా ఉన్నవాటిలో అధిక భాగం హానికరమైన బరువేనని ముల్లర్ పక్షం వాదించింది. 1950లలో ఈ వివాదం జన్యు శాస్త్రాన్ని రెండుగా చీల్చింది. అణు పరీక్షల వికిరణం మానవ వంశాలకు ఎంత ముప్పన్న చర్చలోకీ అది ప్రవేశించింది.

1966లో డోబ్జాన్‌స్కీ శిష్యుడు రిచర్డ్ లెవాంటిన్, జాన్ హబీతో కలసి అదే స్యూడోఅబ్‌స్క్యూరా ఈగల ప్రోటీన్లను పరీక్షించారు. వైవిధ్యం అనుకున్నదాని కంటే అధికంగా ఉందని తేలింది. వైవిధ్యం పరిమాణం విషయంలో డోబ్జాన్‌స్కీ మాట నెగ్గింది. అయితే ఆ వైవిధ్యంలో ప్రకృతి వరణం నిలబెట్టినది ఎంత, లాభనష్టాలు లేకుండా ఊరికే మిగిలినది ఎంత అన్న వాదన మరో రూపంలో కొనసాగింది.

మనుషుల విషయంలోనూ ఆయన దృక్పథం ఇదే. 1962లో వెలువరించిన మ్యాన్‌కైండ్ ఇవాల్వింగ్ గ్రంథంలో జన్యు వైవిధ్యాన్ని, సామాజిక సమానత్వాన్ని విడదీసి చూపారు. మనుషులు జన్యుపరంగా ఒకరిలా ఒకరు లేకపోవడం, హక్కుల్లో సమానులు కాకపోవడానికి కారణం కాజాలదని వివరించారు. జాతి ఆధిక్య సిద్ధాంతాలను జీవితాంతం వ్యతిరేకించారు.

వదిలి వచ్చిన దేశం

ఆయన అమెరికాలో ఈగలను లెక్కిస్తున్న ఏళ్లలోనే, సోవియట్ జన్యు శాస్త్రం నేలకూలింది. జన్యువుల ఉనికినే తోసిపుచ్చిన ట్రోఫిమ్ లైసెంకోకు స్టాలిన్ ప్రభుత్వం అండగా నిలిచింది. ప్రపంచమంతటి నుంచి పంట విత్తనాలను సేకరించిన మహా శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ అరెస్టయి, 1943లో సరాతోవ్ జైలులో కన్నుమూశారు. 1948 ఆగస్టులో జరిగిన సమావేశంతో జన్యు శాస్త్ర బోధన దాదాపు నిషిద్ధమైంది. తిరిగి వెళ్లి ఉంటే తనకేమయ్యేదో డోబ్జాన్‌స్కీకి తెలియనిది కాదు. లైసెంకో పుస్తకాన్ని స్వయంగా ఆంగ్లంలోకి అనువదించి 1946లో ప్రచురింపజేశారు. ఆ వాదన ఎంత డొల్లో పాశ్చాత్య శాస్త్రవేత్తలు నేరుగా చదివి తెలుసుకోవాలన్నదే ఆయన ఉద్దేశం.

వాతావరణానికి జీవులు ఎలా తగులుతాయన్న ప్రశ్న లైసెంకోదీ, డోబ్జాన్‌స్కీదీ ఒక్కటే. చలికి గురిచేస్తే మొక్క మారిపోయి, ఆ మార్పు విత్తనానికి సంక్రమిస్తుందని లైసెంకో ప్రకటించారు. సమూహంలో ముందే ఉన్న రకాల్లో తగినది నిలుస్తుందని, మిగతావి తగ్గుతాయని డోబ్జాన్‌స్కీ లెక్కలతో చూపారు. ఒకరిది ప్రభుత్వ బలం, మరొకరిది ఓపికగా చేసిన గణన. తర్వాతి చరిత్ర ఏది నిలిచిందో తేల్చింది.

చివరి ఏళ్లు

1943 నుంచి ఆయన పలుమార్లు బ్రెజిల్ వెళ్లి ఉష్ణమండల ఈగలను పరిశోధించి, అక్కడ ఒక తరం జన్యు శాస్త్రవేత్తలకు శిక్షణ ఇచ్చారు. 1962లో రాక్‌ఫెల్లర్ సంస్థకు, 1971లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణానికి మారారు. 1964లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకం అందుకున్నారు. క్షేత్రయాత్రల్లో తోడుగా నిలిచిన నటాలియా 1969లో మరణించారు. అంతకు ముందు ఏడాదే ఆయనకు రక్త క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. అయినా పని ఆపలేదు. సహజ సమూహాల జన్యు శాస్త్రం పేరిట 1938లో మొదలుపెట్టిన పరిశోధన పత్రాల వరుస 43కు చేరింది. క్రైస్తవ విశ్వాసాన్ని, పరిణామ శాస్త్రాన్ని ఆయన పరస్పర విరుద్ధాలుగా చూడలేదు. 1975 డిసెంబరు 18న కాలిఫోర్నియాలో తుదిశ్వాస విడిచారు.

వేడెక్కుతున్న లోకంలో ఆయన లెక్కలు

ఆయన చూపిన పద్ధతి ఆయనతో ఆగలేదు. డ్రోసోఫిలా సబ్‌అబ్‌స్క్యూరా అనే ఐరోపా ఈగ 1978లో చిలీలో, 1982లో ఉత్తర అమెరికా పశ్చిమ తీరాన కనిపించింది. కొద్ది ఏళ్లలోనే కొత్త ఖండాల్లోనూ దాని విలోమాలు ఐరోపాలో వలెనే అక్షాంశాల వెంట క్రమంగా సర్దుకున్నాయి. 2006లో ఒక అంతర్జాతీయ బృందం మూడు ఖండాల్లోని 26 చోట్ల పాత లెక్కలను కొత్త లెక్కలతో పోల్చింది. వాటి మధ్య సగటు వ్యవధి 24 ఏళ్లు. 22 చోట్ల వాతావరణం వేడెక్కింది. వాటిలో 21 చోట్ల ఉష్ణ ప్రాంతాలకు చెందిన అమరికలు పెరిగాయి. తరతరాల శాస్త్రవేత్తలు ఒకే విధంగా లెక్క రాసి ఉంచకపోతే ఈ పోలిక సాధ్యమయ్యేది కాదు.

భారతదేశంలోనూ ఈ బాటలో గణనీయమైన కృషి జరిగింది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో డ్రోసోఫిలా అననాసే విలోమాలను దేశంలోని వివిధ ప్రాంతాల నుంచి సేకరించి పోల్చారు. దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్లిన కొద్దీ పండు ఈగల్లో పొడి గాలిని తట్టుకునే శక్తి పెరుగుతుందని, ఆకలిని తట్టుకునే శక్తి తగ్గుతుందని భారత ఉపఖండంలో జరిగిన పరిశోధనలు చూపాయి. రోహ్‌తక్‌లోని మహర్షి దయానంద్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఈ రంగంలో విస్తృతంగా పనిచేశారు.

కీటకాలు ఎంత వేడినైనా తట్టుకుంటాయని ఈ ఫలితాల నుంచి నిర్ధారించుకోవడం పొరపాటు. ఉష్ణమండల కీటకాల్లో చాలా జాతులు తాము భరించగల వేడికి ఇప్పటికే చేరువలో బతుకుతున్నాయి. పైగా ప్రకృతి వరణం కొత్త రకాన్ని కోరినప్పుడల్లా సృష్టించి ఇవ్వదు. సమూహంలో ఉన్నవాటిలోంచే ఎంచుతుంది. పెద్ద సంఖ్యలో, త్వరత్వరగా తరాలు మారే పంట తెగుళ్లకు, దోమలకు ఆ నిల్వ పుష్కలం. అడవి తరిగి చిన్న చిన్న చోట్ల మిగిలిన సీతాకోకచిలుకకు, పూలపై ఆధారపడిన అడవి తేనెటీగకు అది స్వల్పం. వేడి ఒక్కటే అయినా, రైతును వేధించే పురుగు నిలదొక్కుకుని, ఆయన పంటకు పరాగం మోసే పురుగు వెనకబడే ప్రమాదం ఇందులోనే ఉంది.

అందుకే కీటకాల సంఖ్యను కాపాడటంతో పాటు వాటి సమూహాల్లోని తేడాలను కాపాడటం ముఖ్యమవుతుంది. ఎడారి అంచున పనికిరానిదిగా తోచిన రకమే కొండపై అడవిలో అవసరమైనదని, వసంతంలో తగ్గిన రకమే ఎండల్లో సమూహాన్ని నిలబెడుతుందని శాన్ జాసింటో ఈగలు ఎనభై ఏళ్ల కిందటే చూపాయి. ఆ సాక్ష్యాన్ని ఓపికగా లెక్కించి, తన అభిప్రాయానికి విరుద్ధంగా వచ్చినా తలవంచి స్వీకరించిన శాస్త్రవేత్తగా డోబ్జాన్‌స్కీ చిరస్మరణీయులు.